సాంబయ్య పెదనాన్న విన్న చప్పుడు

ఈ సాయంత్రం గేటు దగ్గర నిలబడి పాపకు అన్నం తినిపిస్తుంటే, వీధి చివరింటి మాస్టారు కారు మా సందులోకి మలుపు తిరిగింది. తిరుగుతున్నంతసేపూ బానెట్ కింద నుంచి సన్నగా, సాగదీస్తున్నట్టుగా ఒక కూత. బండి తిన్నగా కాగానే కూత ఆగిపోయింది. పాప ముద్ద మింగడం మానేసి అటు చూసింది. నేనూ చూశాను. మాస్టారు నన్ను చూసి కారు ఆపి, నిన్ననే పవర్ స్టీరింగ్ పంపు కొత్తది వేయించానని, అయినా ఈ గోల ఏమిటో అర్థం కావడం లేదని వాపోయారు. నాకు నవ్వొచ్చింది. ఆయన్ని చూసి కాదు. ఆ కూత విని. ఆయిల్ డబ్బా మూత తీసి లోపల నురగ ఉందేమో చూడమని చెప్పాను. ఆయన నా వైపు వింతగా చూశారు. వ్యవసాయ శాఖలో పనిచేసే అమ్మాయికి ఇవన్నీ ఎలా తెలుసని ఆయన అడగలేదు కానీ, అడిగి ఉంటే చెప్పేదాన్ని. పాప పడుకుంది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

రెండున్నరేళ్ల కిందటి మాట. మేము సత్తుపల్లిలో ఇప్పుడున్న ఈ ఇంట్లోకే కొత్తగా కిరాయికి వచ్చాం. మా ఆయన రమేశ్ బొగ్గు గనిలో డంపర్ నడుపుతారు. మా ఎదురింట్లో సాంబయ్య గారు, ఆయన భార్య లచ్చమ్మ గారు ఉండేవాళ్లు. సాంబయ్య గారిది ఇల్లందు వైపు. ముప్పై ఏళ్లకు పైగా గనుల్లో డంపర్లకు, పొక్లెయిన్లకు హైడ్రాలిక్ ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యారు. మనిషి పొడుగు, వేళ్లు లావు. కళ్లజోడు చెవుల దగ్గర దారంతో కట్టి ఉండేది. భుజం మీద ఎప్పుడూ ఒక నూనె గుడ్డ. దాన్ని తువ్వాలు అనుకుని ఒకసారి నేను మా పాప మూతి తుడవబోతే లచ్చమ్మ గారు పరుగెత్తుకొచ్చి లాక్కున్నారు. నేను ఆయన్ని పెదనాన్న అని పిలిచేదాన్ని. మా పుట్టిల్లు ఆంధ్ర సరిహద్దులోని వేంసూరు కాబట్టి నా మాట వాళ్లకు కొంచెం ఆంధ్ర మాటలా వినిపించేది. ఆయన నన్ను బిడ్డా అనేవారు.

నేను ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న నాలుగైదు ఊళ్లకు వ్యవసాయ విస్తరణాధికారిని. కాన్పు సెలవు అయిపోయేసరికి పాపకు పది నెలలు కూడా లేవు. పాలు మానలేదు, కనుక వెంట తీసుకెళ్లాల్సిందే. మొదటి రెండు వారాలు దమ్మపేట దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ములకలపల్లికి ఇంకో బస్సు, ఆ తర్వాత ఆటో. పాప ప్రతిరోజూ బస్సులో కక్కుకునేది. అప్పుడు పన్నెండేళ్ల పాత డీజిల్ కారు ఒకటి కొన్నాం. నేను కాలేజీలో ఉండగానే డ్రైవింగ్ నేర్చుకున్నాను కానీ, నాకు పుట్టుకతోనే భయం జాస్తి. ఇంటికి తాళం వేసి, నాలుగడుగులు వేసి, వెనక్కొచ్చి లాగి చూసేదాన్ని. గ్యాస్ కట్టేశానో లేదోనని మళ్లీ తాళం తీసేదాన్ని. పాప నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి చూసేదాన్ని. సాంబయ్య పెదనాన్న తన అరుగు మీద కూర్చుని ఇదంతా చూసేవారు. ఒకరోజు నేను మూడోసారి వెనక్కి వస్తుంటే చెయ్యి ఊపి, "నాలుగోసారి నేను చూస్త గని, నువ్వు పో బిడ్డా," అన్నారు. నాకు సిగ్గేసింది. ఆ రోజు సాయంత్రం వచ్చేసరికి నిజంగానే మా తాళం లాగి చూశానని, గట్టిగానే ఉందని చాలా సీరియస్‌గా చెప్పారు.

వానలు తగ్గుముఖం పడుతున్న రోజుల్లో మా కారు స్టీరింగ్ బరువెక్కింది. కింద ఎర్రటి నూనె మరకలు. ఊళ్లో ఒక మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్తే పంపు పోయిందని కొత్తది వేశారు. మర్నాటి నుంచి ఈ కూత. షెడ్డువాళ్లు కొత్త పంపు కదా మేడం, సెట్ అయితది అన్నారు. వారానికి కూడా సెట్ కాలేదు. మళ్లీ తీసుకెళ్తే ఈసారి స్టీరింగ్ బాక్సు కూడా పోయిందని, అది మార్చాలని చెప్పారు. ఇంతలో ఒకరోజు పొద్దున ములకలపల్లి దాటాక, వాగు మీద కల్వర్టు పక్కనే ఉన్న మలుపులో, బర్రెల మంద అడ్డంగా వచ్చింది. స్టీరింగ్ తిప్పబోతే ఎవరో అవతలి నుంచి పట్టుకున్నట్టు బిగుసుకుంది. రెండు చేతులూ వేసి గుంజితే కూత పెట్టుకుంటూ కొంచెం తిరిగింది. ఎడమ చక్రం రోడ్డు దిగి బురదలో ఆగింది. మెల్లగా వెళ్తున్నాను కాబట్టి ఏమీ కాలేదు. బర్రెలు తోలుకొస్తున్న ముసలామె వచ్చి కోయ భాషలో ఏదో అంది. నాకు సగమే తెలిసింది కానీ ఆమె నీళ్ల సీసా ఇచ్చింది. వెనక సీట్లో మా పాప బర్రెల్ని చూసి చప్పట్లు కొడుతోంది. నేను మాత్రం మా ఆఫీసు ఉన్న రైతు వేదిక చేరేదాకా రెండో గేరు దాటలేదు.

ఆ సాయంత్రం ఈ సంగతి చెప్పగానే రమేశ్ కారు అమ్మేద్దామన్నారు. పెనుబల్లిలో తెలిసినవాళ్లు ఒకరు పాత బండి కోసం చూస్తున్నారట. ఆదివారం మధ్యాహ్నం వచ్చి చూస్తానన్నారట. కారు పోతే నేను ఏం చేయాలో ఇద్దరికీ తెలుసు. జీతం లేని సెలవు పెట్టాలి, పాప పెద్దయ్యేదాకా. ఆ తర్వాత ఆ ఊళ్లు నాకే ఉంటాయన్న నమ్మకం లేదు. నాకు ఆ ఉద్యోగం ఇష్టం. ఒక్కో పత్తి చేను నాకు పేరు పెట్టి పిలిచేంత తెలుసు. అయినా నేను సరే అన్నాను. నిజం చెప్పాలంటే, ఇక రోజూ భయపడనక్కర్లేదని లోపల ఒక మూల కాస్త తేలికగా కూడా అనిపించింది. అలా అనిపించినందుకు ఏడుపొచ్చింది.

శనివారం నేను కారు కడుగుతుంటే సాంబయ్య పెదనాన్న అరుగు దిగి వచ్చారు. ఎందుకు అమ్ముతున్నారని అడిగారు. వారంగా చప్పుడు వస్తోందని, తిప్పలేకపోతున్నానని చెప్పాను. ఎప్పుడు వస్తుంది, పొద్దున స్టార్ట్ చేయగానేనా, వేడెక్కాకనా అన్నారు. తెలియదన్నాను. ఎడమకా, కుడికా? తెలియదు. నిలబడి తిప్పితే వస్తుందా, నడుస్తుంటేనా? యాక్సిలేటర్ తొక్కితే పెరుగుతుందా? ఏదీ తెలియదు. ఆయన కళ్లజోడు తీసి గుడ్డతో తుడుచుకున్నారు. ఆ గుడ్డతో తుడిస్తే ఇంకా మసకబారుతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

"వారం దినాల సంది భయపడుతున్నవ్ గని, ఒక్కసారన్న సక్కగ ఇన్నవా బిడ్డా?"

ఆయన పాపను ఎత్తుకుని తమ అరుగు మీదికి వెళ్లిపోయారు. వెళ్తూ, పది నిమిషాలు బండిలో కూర్చుని విని వచ్చి చెప్పమన్నారు. కూర్చున్నాను. స్టార్ట్ చేశాను, తిప్పాను, ఆపాను, మళ్లీ తిప్పాను. భయపడుతూ వినడం వేరు, చెప్పడానికి వినడం వేరు అని ఆ పది నిమిషాల్లో తెలిసింది. వెళ్లి పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను: చల్లగా ఉన్నా వస్తోంది, రెండు వైపులా వస్తోంది, నిలబడి తిప్పితే ఎక్కువ, ఇంజిన్ వేగం పెంచితే కూత కూడా సన్నబడి పైకి పోతోంది, మధ్యమధ్య బుడబుడమంటోంది. ఆ చివరి మాటకు ఆయన తల పైకెత్తారు. "బుడబుడ అంటున్నదా? గట్ల చెప్పు మరి."

బానెట్ తెరిచే ముందు ఇంజిన్ ఆపించి, కారు తాళం తీసి నా జేబులో వేసుకోమన్నారు. బానెట్ ఎత్తడానికి తాళం ఎందుకని అడిగాను. గనిలో వాళ్ల షెడ్డు పద్ధతి అదని చెప్పారు. ఎవరి చెయ్యి మిషన్ లోపల ఉంటే తాళం వాళ్ల జేబులోనే ఉంటుంది. పెద్ద ఆఫీసరు వచ్చి అడిగినా ఇవ్వకూడదు, ఇంకొకరు అడగనూ కూడదు. ఆ రోజు నేను రమేశ్ పాత ఖాకీ చొక్కా వేసుకుని ఉన్నాను. తాళం ఆ జేబులో పడింది. ఆయిల్ డబ్బా మూత తీస్తే లోపల ఎర్ర నూనె మీద గులాబీ రంగు నురగ, చిలికిన మజ్జిగలా. పంపులో గాలి పట్టిందని, గాలిని నూనె అనుకుని తోస్తూ పంపు అరుస్తోందని పెదనాన్న చెప్పారు. పంపు మార్చాక గాలి తీయకుండానే బండి స్టార్ట్ చేసి ఉంటారట. ముందు చక్రాలు రెండూ జాకీల మీద లేపాం. ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, తాళంతో స్టీరింగ్ లాక్ మాత్రం తీసి, స్టీరింగ్ ఈ చివరి నుంచి ఆ చివరికి మెల్లగా తిప్పమన్నారు. ఇరవైసార్లు. ఆయన డబ్బాలోకి చూస్తూ నూనె దిగినప్పుడల్లా పోస్తున్నారు. నా భుజాలు పడిపోయాయి. పాప పక్కనే కూర్చుని నాతోపాటు చేతులు తిప్పుతోంది.

అయిపోయాక స్టార్ట్ చేస్తే కూత లేదు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆయన చేతులు కడుక్కోవడానికి వెళ్లగానే, ఎందుకైనా మంచిదని సీసాలో మిగిలిన నూనె కూడా డబ్బా నిండా పోసేశాను. వీధి చివరిదాకా వెళ్లి వచ్చేసరికి వేడికి నూనె ఉబ్బి మూతలోంచి పొంగి ఇంజిన్ నిండా కారింది. పెదనాన్న గుడ్డతో తుడుస్తూ నవ్వుతూనే ఉన్నారు. "భయానికి గీత ఉండదు బిడ్డా. నూనెకు ఉంటది," అని డబ్బా మీద ఉన్న గీతను చూపించారు. అమ్మే పని లేదని రమేశ్‌కు చెబుదామనుకున్నాను. రేపు పొద్దున చూసి చెప్పమన్నారు పెదనాన్న.

ఆదివారం పొద్దున కూత మళ్లీ వచ్చింది. నిన్నటికన్నా తక్కువే, కానీ వచ్చింది. వెళ్లి చెప్పాను. ఈసారి అడగకముందే అన్నీ చెప్పాను: నురగ మళ్లీ కట్టింది, కింద అట్టముక్క పరిచి చూశాను, ఒక్క చుక్క కూడా కారలేదు. కారకుండా గాలి లోపలికి ఎలా పోతుందని అడిగాను. ఆయన గ్లాసులో నీళ్లు, పాప స్ట్రా తెప్పించి, స్ట్రా పక్కన సూదితో పొడిచి పీల్చి చూడమన్నారు. పీలిస్తే నీళ్లతోపాటు బుడగలు వచ్చాయి. నీళ్లు మాత్రం ఆ బెజ్జంలోంచి బయటికి రాలేదు. పంపు తోసే వైపు పగిలితే నూనె బయటికి వస్తుంది, పీల్చే వైపు పగిలితే గాలి లోపలికి పోతుంది. నాలుగేళ్లు కాలేజీలో చదివిన నాకు ఇంత సులువుగా ఎవరూ ఏదీ చెప్పలేదు.

ఎక్కడ పీలుస్తోందో కనిపెట్టాలి. ఇంజిన్ నడుస్తుండగా అతుకుల మీద ఒక్కో చుక్క నూనె వేయాలి. పగులు మీద చుక్క పడితే అది క్షణంసేపు మూసుకుని కూత మారుతుంది. ఆయన కళ్లకు దగ్గరివి కనిపించవు, వేళ్లు లావు. కాబట్టి ఆయన సీట్లో కూర్చుని స్టీరింగ్ తిప్పాలి, నేను చుక్కలు వేయాలి. జడ ముడి వేయించారు, చున్నీ తీయించారు, బెల్టుకు మూరెడు దూరంలో చెయ్యి ఉండాలన్నారు. చుక్కలు వేయడానికి పాప జ్వరం మందు డ్రాపర్ దొరికింది. మొదటి అతుకు మీద వేశాను, మార్పు లేదు. రెండోది, లేదు. డబ్బా నుంచి పంపుకు వెళ్లే లావు గొట్టం చివర, క్లిప్పు పక్కన వేయగానే కూత తెగింది. రెండు క్షణాలు. మళ్లీ వచ్చింది. మళ్లీ వేశాను. మళ్లీ తెగింది. నేను చెయ్యి పైకెత్తి ఊపాను. ఆయన ఇంజిన్ ఆపి దిగొచ్చారు. పంపు కొత్తదే. గొట్టం మాత్రం బండితోపాటు పుట్టింది. చివర ఎండి గట్టిపడి, క్లిప్పు ఎంత బిగించినా పట్టు లేకుండా ఉంది.

తాళం మళ్లీ నా దగ్గరికి, ఈసారి కుర్తా జేబులోకి వచ్చింది. ఆయన చెబుతుంటే నేనే గొట్టం ఊడదీశాను. ఎండిన చివర ఒక అంగుళం కోసేసి, మెత్తగా ఉన్న చోట కొత్త క్లిప్పుతో బిగించాలి. నా చేతులు మోచేతుల దాకా ఎర్ర నూనెలో ఉండగా పెనుబల్లి ఆయన వచ్చేశారు. ఆయన వెనకే రమేశ్. వచ్చినాయన కారు చుట్టూ ఒకసారి తిరిగి, తాళం ఇస్తే ఒక రౌండ్ కొట్టొస్తానన్నారు. రమేశ్ నా వైపు చెయ్యి చాచారు. సాంబయ్య పెదనాన్న తల ఎత్తలేదు.

"పిల్ల చెయ్యి బండిల ఉన్నది రమేశూ. తాళం పిల్ల జేబుల ఉన్నది."

రమేశ్ చెయ్యి అలాగే ఆగిపోయింది. పదేళ్లుగా గనిలో డంపర్ నడుపుతున్న మనిషి. ఇంకొకరి జేబులోని తాళం అడగడం ఆయన వల్ల కాలేదు. చెయ్యి వెనక్కి తీసుకుని తల గోక్కుని, గంట ఆగండన్నా, చాయ్ తాగుదాం అన్నారు. పెనుబల్లి ఆయనకు ఇదేమిటో బోధపడలేదు. "ఇంటి బండికి గూడ డ్యూటీ రూల్సేందన్నా?" అన్నారు. లచ్చమ్మ గారు అరుగు మీద కూర్చుని, తమ ఇంట్లో కుక్కర్‌కు కూడా రూల్సేనని చెప్పి ఆయనకు చాయ్ ఇచ్చారు.

గంట కాస్తా రెండు గంటలైంది. గొట్టం బిగించాక మళ్లీ జాకీలు, మళ్లీ ఇరవైసార్లు తిప్పడం. నూనె గీత దగ్గరే ఆపాను. స్టార్ట్ చేసి ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పాను. ఏ కూతా లేదు. అరగంట నడిపి వచ్చి చూశాను. నురగ లేదు. పెదనాన్న వైపు చూసి తల అడ్డంగా ఊపాను, చప్పుడు లేదని. ఆయన సంతోషంగా తల నిలువుగా ఊపారు. అప్పుడు రమేశ్ దగ్గరికి వెళ్లి, అమ్మవద్దని, రేపు నేను డ్యూటీకి పోవాలని చెప్పాను. తాళం ఇంకా నా జేబులోనే ఉంది. రమేశ్ ముఖం తిప్పుకుని ముందు టైరును కాలితో తట్టారు. కోపం కాదు. నాకన్నా ఆయన ఎక్కువ భయపడ్డారని అప్పుడు అర్థమైంది. "అడివిల మళ్ల ఆగితే ఎట్ల? పాప ఉంటది గద," అన్నారు. రేపు నేను ఎంబడి పోత అని సాంబయ్య పెదనాన్న అన్నారు. ఆ మాట మీద రమేశ్ ఒప్పుకున్నారు. పెనుబల్లి ఆయన మూడు చాయ్‌లు తాగి, ఈ వీధిలో ఎవరి దగ్గరా ఇక బండి కొననని నవ్వుతూ వెళ్లిపోయారు.

సోమవారం పొద్దున పెదనాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని ముందు సీట్లో కూర్చున్నారు. పామాయిల్ తోటలు దాటేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. అడవి మొదలయ్యే చోట ఒక చాయ్ హోటల్ ఉంటుంది. అక్కడ జర ఆపమన్నారు. దిగి తలుపు వేసి, బస్సు కండక్టర్‌లా కారు పైకప్పు మీద రెండు దెబ్బలు కొట్టి, రైట్ అన్నారు. మీరు ఎక్కండి అన్నాను. తాను బస్సులో ఇంటికి పోతానని చెప్పి వెనక్కి చూడకుండా హోటల్లోకి వెళ్లిపోయారు. కోపంతో కాసేపు అక్కడే కూర్చున్నాను. పాప కేక వేస్తే బయల్దేరాను. కల్వర్టు దగ్గర మలుపు వచ్చేముందు ఏసీ కట్టేసి, అద్దం దించి, విన్నాను. టైర్ల కింద ఎండుటాకులు, వాగు, వెనక సీట్లో పాప తనలో తాను మాట్లాడుకోవడం. స్టీరింగ్ మెల్లగా తిరిగింది. కారు నుంచి మాత్రం ఏమీ వినిపించలేదు.

సాయంత్రం తిన్నగా వాళ్లింటికి వెళ్లి పోట్లాడాను. మాట ఇచ్చి మధ్యలో దిగిపోతారా, మీరు పక్కనుంటే చప్పుడు వస్తే వింటారనే కదా నా ధైర్యం అన్నాను. లచ్చమ్మ గారు బియ్యం ఏరుతూ పకపకా నవ్వారు. "ఈయన ఇంటడా? డంపర్ల కాడ చెవులు ఎన్నడో పోయినయి. కుక్కర్ కూత పెడితే నేను చెయ్యి ఊపి చెప్పాలె." సన్నని చప్పుళ్లు ఆయనకు చాలా ఏళ్లుగా వినపడవట. నేను నమ్మలేకపోయాను. మరి కూత పోయిందని నిన్న అంత ధీమాగా తల ఊపారే అన్నాను.

"నువ్వు చెప్పినవ్ గద," అన్నారాయన.

ఆ రెండు రోజులూ మా బండి చేసిన చప్పుడంతా ఆయన నా నోటి మాటల్లోనే విన్నారు. ఆ ప్రశ్నలన్నీ అందుకే. నా కోపం ఎటు పోయిందో తెలియలేదు కానీ, పట్టు వదలక, అడవిలో నిజంగా ఆగిపోయి ఉంటే ఏం చేసేదాన్నని అడిగాను. ఆయన పాపను ఒళ్లో సర్దుకున్నారు.

"ఆగితే ఏంది? దిగి చూసేటోళ్లు బండిల్నే ఉన్నరు గద."

కిందటేడు వాళ్లు కొత్తగూడెంలో సొంతిల్లు కట్టుకుని వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే ఆయనకు సరిగా వినపడదు. లచ్చమ్మ గారు మధ్యలో ఉండి ఆయన మాట నాకు, నా మాట ఆయనకు గట్టిగా చెబుతారు. నా భయం పోయిందని చెప్పను. పోలేదు. కానీ పాప దగ్గితే ఇప్పుడు ముందు కూర్చుని వింటాను. పొడి దగ్గా, కఫమా, పడుకుంటే ఎక్కువా, కూర్చుంటే ఎక్కువా అని. దవాఖానాలో డాక్టరమ్మ అడిగినవాటికి తడుముకోకుండా చెబుతాను. అలా వింటున్నంతసేపూ, ఎవరైనా వచ్చి చూస్తే బాగుండునని వాకిలి వైపు చూడటం మానేశాను.